ట్రంకుపెట్టెల్లో యుద్ధచరిత్ర

సైనికులు తీసిన పాత నెగిటివ్‌లను కాపాడేదెలా? స్కాన్ చేసేదెలా? పదిమందికీ పంచేదెలా?

యుద్ధాల చరిత్రను ప్రభుత్వాలు రాస్తాయి. సేనానులు తమ జ్ఞాపకాలు రాసుకుంటారు. కందకంలో నిలబడి పోరాడిన సామాన్య సైనికుడు రాసినది మాత్రం చాలా తక్కువ. అయితే అతడు చూసిన దృశ్యాలు కొన్నిచోట్ల మిగిలి ఉన్నాయి. చిన్న కెమెరాతో తీసి, ఇంటికి తెచ్చుకుని, పెట్టె అడుగున దాచుకున్న నెగిటివ్‌లలో అవి భద్రంగా ఉన్నాయి. వాటిని తీసినవారిలో అత్యధికులు నేడు లేరు. అవి ఏమిటో తెలియక వారసులు పాత సామాన్లవారికి ఇచ్చివేస్తున్న సందర్భాలూ ఉన్నాయి. మరోపక్క ఫిల్మే తనంతట తాను కరిగిపోతోంది. ఈ నేపథ్యంలో పాత యుద్ధ నెగిటివ్‌లను స్కాన్ చేసి అందరికీ అందుబాటులో ఉంచే ప్రయత్నాలు రెండు దశాబ్దాలుగా పలు దేశాల్లో సాగుతున్నాయి.

జేబులో ఇమిడిన కెమెరా

సైనికుడి చేతికి కెమెరా విస్తృతంగా అందినది మొదటి ప్రపంచయుద్ధ కాలంలోనే. 1912లో విపణిలోకి వచ్చిన వెస్ట్ పాకెట్ కొడాక్ మడిస్తే కోటు జేబులో ఇమిడిపోయేది. సైనికుడి కెమెరాగా దానికి పేరు వచ్చింది. 1915 నుంచి వచ్చిన నమూనాలో మరో సౌకర్యం కల్పించారు. కెమెరా వెనుక ఉన్న సన్నని తలుపు తెరిచి, లోహపు పుల్లతో తేదీనో ఊరి పేరునో రాస్తే ఆ అక్షరాలు ఫిల్మ్ మీదనే ముద్రపడేవి. శతాబ్దం తరువాత ఆ నెగిటివ్‌లను పరిశీలిస్తున్నవారికి ఆ రెండు మూడు మాటలే పెద్ద ఆధారమవుతున్నాయి.

సైనికాధికారులకు ఈ కెమెరాలు నచ్చలేదు. రహస్యాలు శత్రువుకు చిక్కుతాయన్న భయంతో బ్రిటిష్ సైన్యం పశ్చిమ రణరంగంలో సొంత కెమెరాలపై 1915 నాటికి నిషేధం విధించింది. అయినా ఫొటోలు తీయడం పూర్తిగా ఆగలేదు. 1914 క్రిస్మస్ నాడు బ్రిటిష్, జర్మన్ సైనికులు కందకాలు దాటి వచ్చి కరచాలనం చేసుకున్న దృశ్యాలు నేడు లోకానికి తెలిశాయంటే, సైనికుల వద్ద ఉన్న సొంత కెమెరాలే అందుకు కారణం. రెండో ప్రపంచయుద్ధం నాటికి 35 మిల్లీమీటర్ల ఫిల్మ్ వాడే చిన్న కెమెరాలు వచ్చాయి. కొరియా, వియత్నాం యుద్ధాల నాటికి రంగుల స్లైడ్‌లు కూడా సైనికుల సామానులో చేరాయి.

పెట్టె దొరికింది... పేరు దొరకలేదు

అమెరికాలోని ఐడహో రాష్ట్రం బోయిసీ నగరానికి చెందిన లెవీ బెట్‌వైజర్ ‘రెస్క్యూడ్ ఫిల్మ్ ప్రాజెక్టు’ పేరిట, ఎవరూ కడిగించని పాత ఫిల్మ్ చుట్టలను సేకరిస్తుంటారు. ఒహాయో రాష్ట్రంలో జరిగిన ఒక వేలంలో 2014లో ఆయనకు 31 ఫిల్మ్ చుట్టలు లభించాయి. రెండో ప్రపంచయుద్ధంలో పాల్గొన్న ఒక సైనికుడు తీసినవవి. సుమారు 70 ఏళ్ల పాటు అవి చీకట్లోనే ఉండిపోయాయి. కొన్ని చుట్టల కాగితాలపై బోస్టన్ రేవు, ఫ్రాన్సులోని లె హావ్ర్ రేవు వంటి పేర్లు చేతిరాతతో ఉన్నాయి. వాటిని ఆయన స్వయంగా కడిగి, స్కాన్ చేసి, 2015 జనవరిలో లోకానికి చూపారు. తేమకు పాడై కొన్ని చుట్టల్లో బొమ్మ నిలవలేదు. నిలిచిన వాటిలో సైనికులు, రైళ్లు, ఓడలు, శిబిరాలు కనిపించాయి. తీసినవారెవరన్నది మాత్రం ఆ ఫిల్మ్ చెప్పలేదు.

మన దేశానికి సంబంధించిన ఉదంతం మరొకటి ఉంది. షికాగో ప్రాంతంలో 1980ల చివర పాత సామాను అమ్మకంలో అలన్ టెల్లర్, జెర్రీ జ్‌బిరల్ దంపతులు ఒక చెప్పుల పెట్టె కొన్నారు. అందులో వందకు పైగా ఫొటోలు, వాటి నెగిటివ్‌లు ఉన్నాయి. అవి 1945లో బెంగాల్ పల్లెల్లో, గుడుల్లో, సంతల్లో తీసినవి. తీసిన వ్యక్తి అమెరికా సైనికుడని తేలింది గాని పేరు తెలియలేదు. ఆ దంపతులు బెంగాల్‌కు వచ్చి, ఫొటోల్లోని చోట్లను వెతుక్కుంటూ పల్లెల్లో తిరిగారు. ‘ఫాలోయింగ్ ద బాక్స్’ పేరిట భారతీయ కళాకారులతో కలిసి ఒక ప్రదర్శన కూడా ఏర్పాటు చేశారు. 1943 నాటి కరవు లక్షల ప్రాణాలను బలిగొన్న రెండేళ్లకు తీసిన ఆ చిత్రాలు నేటి బెంగాలీలకు తమ తాతల నాటి ఊళ్లను చూపాయి.

అమెరికా వైమానిక దళంలో ఫొటో సాంకేతిక నిపుణుడిగా పనిచేసిన గ్లెన్ హెన్‌స్లీ 1944లో కలకత్తా పరిసరాల్లో తీసిన చిత్రాలకు మరింత మంచి గతి పట్టింది. షికాగో విశ్వవిద్యాలయం నిర్వహించే దక్షిణాసియా డిజిటల్ గ్రంథాలయంలో అవి వివరాలతో సహా చోటుచేసుకున్నాయి. ఒక సేకరణలో తీసినవారి పేరు, ఏడాది, ఊరు అన్నీ ఉన్నాయి. మరొక దానిలో ఏమీ లేవు. నెగిటివ్‌తో పాటు నాలుగు మాటలు రాసిపెట్టడం ఎంత ముఖ్యమో ఈ రెండు సేకరణలను పక్కపక్కన చూస్తే తెలుస్తుంది.

తెలుగునాట పరిస్థితి

మొదటి ప్రపంచయుద్ధంలో పది లక్షలకు పైగా, రెండో ప్రపంచయుద్ధంలో సుమారు 25 లక్షల మంది భారతీయులు సైన్యంలో పనిచేశారు. వీరిలో తెలుగువారూ ఉన్నారు. పశ్చిమగోదావరి జిల్లా తాడేపల్లిగూడెం మండలంలోని మాధవరాన్ని తరతరాలుగా సైన్యానికి యువకులను పంపుతున్నందువల్లనే ‘మిలటరీ మాధవరం’ అని పిలుస్తారు. యుద్ధం తెలుగు తీరాన్నీ తాకింది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం, కాకినాడలపై బాంబులు వేశాయి.

అయితే నాటి భారతీయ సిపాయి జీతంతో కెమెరా కొనడం సామాన్యమైన సంగతి కాదు. అందుచేత మన సిపాయిల యుద్ధజీవితాన్ని చూపే చిత్రాల్లో అధికభాగం ప్రభుత్వ ఛాయాగ్రాహకులు, బ్రిటిష్ అధికారులు, మిత్రదేశాల సైనికులు తీసినవే. లండన్‌లో 1917లో స్థాపించిన ఇంపీరియల్ వార్ మ్యూజియం వంటి సంస్థల్లో అవి ఉన్నాయి. వాటిలో అనేక చిత్రాల కింద భారతీయ సైనికులు అని మాత్రమే ఉంటుంది. ఊరు, పేరు ఉండవు. మన ఇళ్లలో మిగిలినవి ఎక్కువగా కంటోన్మెంటు స్టూడియోల్లో యూనిఫారంతో దిగిన ఫొటోలు. స్వాతంత్ర్యం తరువాత 1962, 1965, 1971 యుద్ధాల్లో పాల్గొన్న తరానికి కెమెరా కొంత అందుబాటులోకి వచ్చింది. ఆ తరం వారు కూడా నేడు డెబ్బయ్యో పడి దాటినవారే. ఫొటోలో పక్కన నిలబడినవారు ఎవరో చెప్పగలిగినవారు ఉండగానే అడిగి రాసుకోవడం అవసరం.

కాలం తినేస్తున్న ఫిల్మ్

నెగిటివ్‌కు ప్రధానంగా మూడు శత్రువులు. వేడి, తేమ, దాని సొంత రసాయనం. ఏ ఫిల్మ్ ఏ పదార్థంతో తయారైనదో తెలుసుకోవడం మొదటి పని.

1950 ప్రాంతం వరకు వచ్చిన ఫిల్మ్‌లో చాలాభాగం సెల్యులోజ్ నైట్రేట్‌తో తయారైనది. ఇది తేలికగా అంటుకుంటుంది. మండేటప్పుడు ఆమ్లజనిని తానే విడుదల చేస్తుంది కనుక నీటిలో ముంచినా ఆరదు. పాతబడిన కొద్దీ పసుపు పచ్చగా మారి, జిగురుగా అయి, చివరకు గోధుమరంగు పొడిగా రాలిపోతుంది. ఈ దశకు వచ్చిన దానిని ఇంట్లో ఉంచరాదు. స్కాన్ చేసే ప్రయత్నమూ చేయరాదు. అగ్నిమాపక శాఖకు తెలిపి వారి సలహా మేరకు వ్యవహరించాలి. నైట్రేట్ ఫిల్మ్‌ను తపాలాలో గాని కొరియర్‌లో గాని పంపకూడదు. అది నైట్రేటో కాదో తెలుసుకోవడానికి ముక్క కత్తిరించి కాల్చిచూసే పద్ధతి ప్రమాదకరం.

దాని తరువాత వచ్చినది ఎసిటేట్ ఫిల్మ్. దీని అంచున ‘సేఫ్టీ’ అన్న ముద్ర ఆంగ్లాక్షరాల్లో ఉంటుంది. ఇది అంత సులభంగా అంటుకోదు గాని క్రమంగా కుళ్లుతుంది. పెట్టె తెరవగానే వెనిగర్ వాసన గుప్పుమంటే ఎసిటేట్ విచ్ఛిన్నమవుతోందని అర్థం. వెలువడే ఆమ్లం ఆ పనిని మరింత వేగవంతం చేస్తుంది. పక్కనున్న ఫిల్మ్‌కూ హాని చేస్తుంది. ఫిల్మ్ కుంచించుకుపోయి, పైనున్న బొమ్మపొర ముడతలు పడుతుంది. అమెరికాలోని రోచెస్టర్‌లో ఉన్న ఇమేజ్ పర్మనెన్స్ ఇన్‌స్టిట్యూట్ పరిశోధనల ప్రకారం 21 డిగ్రీల సెల్సియస్ ఉష్ణోగ్రత, గాలిలో 50 శాతం తేమ ఉన్నచోట కొత్త ఎసిటేట్ ఫిల్మ్‌కు ఈ జబ్బు మొదలుకావడానికి సుమారు 40 ఏళ్లు పడుతుంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ, తుపానుల నాటి తేమ ఉండే మన జిల్లాల్లో ఆ గడువు ఎంతో తక్కువ. 1971 నాటి నెగిటివ్‌లు కూడా ఇప్పుడు ప్రమాదపు అంచున ఉన్నట్లే లెక్క.

తేమ వల్ల బూజు కూడా పడుతుంది. ఫిల్మ్ మీది బొమ్మపొర జంతువుల ఎముకలు, చర్మం నుంచి తీసే జెలటిన్. బూజుకు అది ఆహారం. బూజు పట్టిన నెగిటివ్‌ను నీటితో కడిగితే మెత్తబడిన పొర బొమ్మతో సహా కొట్టుకుపోతుంది.

దాచవలసిన తీరు

మన ఇళ్లలో సాధారణంగా నెగిటివ్‌లను రబ్బరు బ్యాండు చుట్టి, ప్లాస్టిక్ సంచిలో వేసి, కలరా ఉండలతో ట్రంకుపెట్టెలో ఉంచుతారు. ఇవన్నీ హాని చేసేవే. రబ్బరులోని గంధకం ఫిల్మ్‌లోని వెండిని నల్లబరుస్తుంది. పీవీసీ సంచుల నుంచి వెలువడే రసాయనాలు పొరకు అంటుకుంటాయి. కలరా ఉండల ఆవిరి కూడా ఫిల్మ్‌కు మంచిది కాదు.

ఆమ్లం లేని కాగితపు కవర్లలో ఒక్కో నెగిటివ్‌ను విడిగా ఉంచడం ఉత్తమం. కవరుపై ముందుగానే పెన్సిలుతో సంఖ్య వేసి, ఆ తరువాత నెగిటివ్‌ను లోపల పెట్టాలి. వెనిగర్ వాసన వచ్చే వాటిని మిగతా వాటినుంచి వేరు చేయాలి. అటక, రేకుల గది, వంటింటి గోడ, నేలమీది చోటు పనికిరావు. ఇంట్లో అన్నింటికంటే చల్లగా, పొడిగా ఉండే గదిలోని బీరువా మేలు. ఫ్రిజ్‌లో ఉంచదలచినవారు గాలి చొరని రెండు సంచుల్లో మూసిపెట్టాలి. బయటకు తీసిన తరువాత గది వేడికి వచ్చేవరకు తెరవకూడదు. తొందరపడితే ఫిల్మ్ మీద నీరు పడుతుంది.

కడిగించని ఫిల్మ్ చుట్ట దొరికితే వెలుతురులో తెరవరాదు. నలుపు తెలుపు ఫిల్మ్‌లో దశాబ్దాల తరువాత కూడా బొమ్మ వచ్చే అవకాశం ఉంది. కొడాక్రోమ్ రంగుల ఫిల్మ్ సంగతి వేరు. దానిని కడిగిన చివరి ప్రయోగశాల, అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రం పార్సన్స్ పట్టణంలోనిది, 2010 డిసెంబరు 30తో కొత్త చుట్టలను తీసుకోవడం ఆపివేసింది. అప్పటికి కడిగించని కొడాక్రోమ్ నుంచి ఇక రంగులు రావు. ప్రత్యేక పద్ధతుల్లో నలుపు తెలుపు బొమ్మ మాత్రమే రాబట్టవచ్చు.

స్కానింగ్ విధానం

స్కానింగ్‌కు ముందు ఉన్న వరుసను చెదరగొట్టకుండా లెక్క రాసుకోవాలి. ఏ కవరులో ఎన్ని ఉన్నాయి, కవరుపై ఏమి రాసి ఉంది అన్నది పుస్తకంలో ఎక్కించాలి. ఖాళీ కవరును కూడా పారవేయరాదు. చేతిరాత ఉన్న ప్రతి కాగితాన్నీ ఫొటో తీసి ఉంచాలి.

నెగిటివ్‌ను అంచులతో మాత్రమే పట్టుకోవాలి. దుమ్మును రబ్బరు గాలితిత్తితో ఊది, మెత్తని కుంచెతో తుడవాలి. నోటితో ఊదితే తుంపరలు పడతాయి. నీరు, స్పిరిట్, గుడ్డ వాడరాదు.

మామూలు కార్యాలయ స్కానరు కాగితాల కోసం తయారైనది. నెగిటివ్‌కు పైనుంచి కూడా వెలుగు పడే అమరిక ఉన్న స్కానరు కావాలి. అది లేకపోతే, సమానంగా వెలిగే తెల్లని దీపపు పలక మీద నెగిటివ్ ఉంచి, స్టాండుకు బిగించిన మంచి డిజిటల్ కెమెరాతో తీయవచ్చు. సెల్‌ఫోనుతో తీసిన చిత్రం ఏ నెగిటివ్‌లో ఏముందో చూసుకోవడానికి సరిపోతుంది. భద్రపరిచే ప్రతిగా అది చాలదు.

35 మిల్లీమీటర్ల నెగిటివ్‌ను అంగుళానికి 4000 చుక్కల చొప్పున స్కాన్ చేయడం మంచి ప్రమాణం. 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉన్న ఆ చిన్న చట్రం నుంచి సుమారు 2.14 కోట్ల చుక్కలు వస్తాయి. నలుపు తెలుపు బొమ్మను 16 బిట్‌లలో భద్రపరిస్తే ఒక్కో ఫైలు 43 మెగాబైట్లవుతుంది. 36 బొమ్మల చుట్టకు ఒకటిన్నర గిగాబైట్ల చోటు కావాలి. పెద్ద నెగిటివ్‌లకు 2400 చుక్కలు సరిపోతాయి. మూలప్రతిని టిఫ్ రూపంలో దాచి, పంచడానికి జేపెగ్ ప్రతులు విడిగా తయారుచేసుకోవాలి. దిద్దుబాట్లన్నీ నకలు మీదనే చేయాలి.

ఇక్కడ రెండు జాగ్రత్తలున్నాయి. చాలా స్కానర్లలో ఇన్‌ఫ్రారెడ్ కిరణాలతో దుమ్మును గుర్తించి తొలగించే సదుపాయం ఉంటుంది. నలుపు తెలుపు ఫిల్మ్‌లోని వెండి ఆ కిరణాలను అడ్డగిస్తుంది కనుక బొమ్మనే దుమ్మని భ్రమించి చెడగొడుతుంది. దానిని ఆపివేయాలి. రెండవది, అంచులు కత్తిరించకుండా మొత్తం నెగిటివ్‌ను స్కాన్ చేయాలి. ఫిల్మ్ రకం, చట్రం సంఖ్య, పాత కొడాక్ కెమెరాల చేతిరాత ఆ అంచుల్లోనే ఉంటాయి.

పూర్తయిన ఫైళ్లకు మూడు ప్రతులుండాలి. రెండు వేర్వేరు సాధనాల్లో, అందులో ఒకటి వేరే ఊళ్లో ఉంటే మంచిది. స్కాన్ అయిపోయిందని నెగిటివ్‌ను పారవేయడం పెద్ద పొరపాటు. డిస్కు చెడిపోయినా, రేపు మెరుగైన స్కానరు వచ్చినా మళ్లీ దిక్కయ్యేది ఆ నెగిటివే.

వివరణ తప్పితే చరిత్ర తప్పుతుంది

ఫొటో అబద్ధం చెప్పకపోవచ్చు. దాని కింద రాసిన మాట చెప్పగలదు. జర్మనీలో హాంబుర్గ్ సామాజిక పరిశోధన సంస్థ 1995 నుంచి 1999 వరకు నిర్వహించిన ప్రదర్శన ఇందుకు ఉదాహరణ. రెండో ప్రపంచయుద్ధంలో జర్మన్ సైన్యం సాగించిన దురాగతాలను అది బయటపెట్టింది. ఎన్నో చిత్రాలు ఆ సైనికులు స్వయంగా తీసుకున్నవే. కొన్ని చిత్రాల్లోని మృతులు నిజానికి సోవియట్ రహస్య పోలీసుల చేతిలో చనిపోయినవారని 1999లో పోలండ్‌కు చెందిన చరిత్రకారుడు బొగ్దాన్ మూషియావ్ చూపారు. ప్రదర్శనను ఆపి చరిత్రకారుల సంఘంతో విచారణ జరిపించారు. 1400కు పైగా చిత్రాల్లో 20 లోపే అక్కడ ఉండదగనివని, ప్రదర్శన చెప్పిన మూలాంశం సరైనదేనని సంఘం 2000లో తేల్చింది. సవరించిన ప్రదర్శన 2001లో మళ్లీ మొదలైంది. ఈ లోపు ఆ కొద్దిపాటి తప్పులనే ఆసరాగా చేసుకుని దురాగతాలే జరగలేదని వాదించేవారికి అవకాశం దొరికింది.

అందుకే నెగిటివ్ కవరుపై ఉన్న మాటలను తప్పులతో సహా ఉన్నది ఉన్నట్లు ఎక్కించాలి. తరువాత తెలిసినది వేరే గడిలో, ఎవరు ఎప్పుడు చెప్పారో కూడా కలిపి రాయాలి. ఊహను నిజంగా రాయరాదు. యూనిఫారంపై గుర్తులు, వాహనాల సంఖ్యలు, దుకాణాల బోర్డుల మీది భాష, నీడల దిశ వంటివి కాలాన్నీ స్థలాన్నీ పట్టి ఇస్తాయి.

పంచే ముందు ఆలోచించవలసినవి

యుద్ధచిత్రాల్లో మృతులు, క్షతగాత్రులు, బందీలు, నిస్సహాయ స్థితిలో ఉన్న స్త్రీలు, పిల్లలు కనిపించవచ్చు. వారి అనుమతి తీసుకునే వీలు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. వారికీ వారసులుంటారు. ఇటువంటి చిత్రాలను పరిశోధకులకు అందుబాటులో ఉంచి, బహిరంగంగా చూపకపోవడం ఒక మార్గం.

తీసిన సైనికుడి మనసును కూడా గమనించాలి. అమెరికా 25వ పదాతిదళ డివిజన్‌లో వియత్నాంలో పనిచేసిన ఒక సైనికుడు తన దగ్గరి సుమారు రెండు వేల నెగిటివ్‌లను 40 ఏళ్లకు పైగా తెరవలేదు. 2012 నుంచి స్వచ్ఛంద సేవకులు వాటిని స్కాన్ చేసి, తరువాత ప్రదర్శన ఏర్పాటు చేశారు. పాత దృశ్యాలు తెర మీద ఒక్కొక్కటీ కదలాడుతుంటే ఆయన తీవ్ర వేదనకు గురయ్యారు. వృద్ధ సైనికుల పెట్టెలు తెరిచే కుటుంబసభ్యులు వారి ఇష్టాన్ని అడిగి, వారికి ఓపిక ఉన్నంతవరకే చూపడం మంచిది.

నెగిటివ్ చేతిలో ఉన్నంతమాత్రాన దాని ప్రచురణ హక్కు చేతిలో ఉన్నట్లు కాదు. భారతదేశంలో కాపీరైటు చట్టానికి 2012లో జరిగిన సవరణతో ఛాయాచిత్రాలకు తీసినవారి జీవితకాలంతో పాటు తరువాత 60 ఏళ్ల రక్షణ వర్తిస్తోంది. ప్రభుత్వ విధుల్లో భాగంగా తీసినవాటి హక్కు సాధారణంగా ప్రభుత్వానిదే. సైనిక స్థావరాలు, వంతెనలు, ఆయుధాలు కనిపించే చిత్రాల విషయంలో 1923 నాటి అధికార రహస్యాల చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని, బయటపెట్టే ముందు సైనికాధికారుల సలహా తీసుకోవాలి.

ఎక్కడికి వెళ్లాలి?

ఐరోపాలో ఇందుకు ఒక చక్కని పద్ధతి ఏర్పడింది. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం 2008లో ప్రజల ఇళ్లలోని మొదటి ప్రపంచయుద్ధ జ్ఞాపికలను డిజిటల్ రూపంలో సేకరించింది. అదే పద్ధతిని 2011 నుంచి యూరోపియానా సంస్థ జర్మనీలో మొదలుపెట్టి ఇతర దేశాలకు విస్తరించింది. ప్రజలు నిర్ణీత దినాన గ్రంథాలయానికి వస్తువులు తెస్తారు. అక్కడే స్కాన్ చేసి, వాటి వెనుక కథను రాసుకుని, వస్తువును తిరిగి వారికే ఇచ్చివేస్తారు. సొంత వస్తువు పోతుందన్న భయం లేనందువల్ల జనం ముందుకు వచ్చారు. జిల్లా గ్రంథాలయాలు, కళాశాలల చరిత్ర శాఖలు, మాజీ సైనికుల సంఘాలు కలిస్తే ఇక్కడా అలాంటి దినం జరపడానికి పెద్ద ఖర్చు కాదు.

మాజీ సైనికుడి రెజిమెంటు, సేవాకాలం వంటి వివరాలకు జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని సంప్రదించవచ్చు. 1870లో ఏర్పడిన యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ ఆఫ్ ఇండియాకు ఢిల్లీలో సైనిక చరిత్ర పరిశోధన కేంద్రం ఉంది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ శాఖలనూ, తమ రెజిమెంటు కేంద్రాన్నీ అడగవచ్చు. నెగిటివ్‌లు అప్పగించదలచినవారు ఏమి ఇచ్చారు, ఏ షరతుపై ఇచ్చారు అన్నది రాతపూర్వకంగా తీసుకోవడం శ్రేయస్కరం.

స్కానరు దొరకడానికి నెల పట్టవచ్చు, సంస్థ స్పందించడానికి ఏడాది పట్టవచ్చు. ఆలోగా ప్రతి కుటుంబం చేయగల పని ఒకటుంది. పెట్టెలోని నెగిటివ్‌లను చల్లని చోటికి మార్చి, ఇంట్లోని పెద్దవారి పక్కన కూర్చుని, ఫొటోలో ఉన్నవారి పేర్లు అడిగి రాసుకోవడం. ఫిల్మ్‌ను కొన్నాళ్ల తరువాతైనా స్కాన్ చేయవచ్చు. ఆ పేర్లు తెలిసినవారు వెళ్లిపోతే వాటిని చెప్పగల యంత్రం ఎక్కడా లేదు.